పొట్లంలో మూడు రంగులు, ఒకటే మందు

పోయిన సెప్టెంబరులో మా బావకి జ్వరం తగిలింది. ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పని. పొద్దున్నే షెడ్డు తియ్యకపోతే గడవదు. డాక్టరు దగ్గరికి వెళ్ళే ఓపిక లేక, రాత్రి ఇంటికొస్తూ దారిలో మందుల షాపు ముందు బండాపి, "జ్వరం, జలుబు, ఒళ్ళంతా నొప్పులు. రెండు రోజులకి ఏవన్నా ఇవ్వండి" అన్నాడు. బెజవాడలో ఈ మాటకి అర నిమిషంలో జవాబొస్తుంది. కత్తెర తీసి, స్ట్రిప్పుల్లోంచి ముక్కలు కత్తిరించి, కాగితం కవర్లో వేసి ఇచ్చేశారు. తెల్లది మూడు పూటలా, పసుపుది మూడు పూటలా, నారింజ రంగుది పొద్దున్నా రాత్రీ, అన్నం తిన్నాక.

మర్నాడు చూడటానికి వెళ్తే ఆ పొట్లం టీవీ పక్కన కనిపించింది. ఊరికే ఉండలేక తీసి తిప్పి చూశాను. అదృష్టం, ముక్కల మీద అక్షరాలు అరా కొరా మిగిలాయి. తెల్లది పారాసిటమాల్ 650. పసుపుది జలుబు బిళ్ళ, అందులో పారాసిటమాల్ 500. నారింజది ఒళ్ళు నొప్పులకి: ఎసిక్లోఫెనాక్ 100, దాంతోపాటు పారాసిటమాల్ 325.

కూడి చూద్దాం. 650 మూడుసార్లు, 1950. 500 మూడుసార్లు, 1500. 325 రెండుసార్లు, 650. మొత్తం 4100 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళు 24 గంటల్లో పారాసిటమాల్ 4000 మిల్లీగ్రాములు దాటకూడదన్నది వైద్యులు గీసిన గీత. మా బావ ఆ గీత దాటింది మొండితనం వల్ల కాదు, చెప్పింది చెప్పినట్టు వేసుకున్నందువల్ల. మధ్యలో "ఇంకా ఒళ్ళు కాలుతోంది" అని మా అక్క ఇంట్లో ఉన్న డోలో, అదీ పారాసిటమాల్ 650యే, ఒకటి ఇచ్చింది. 4750.

"మూడూ మూడు రంగులు కదరా, ఒకటే మందెలా అవుతుంది?" అన్నాడు బావ.

చిక్కంతా అక్కడే ఉంది. మనం మందుని రంగుతో, కంపెనీ పెట్టిన పేరుతో, అది తగ్గించే బాధతో గుర్తుపెట్టుకుంటాం. జ్వరం బిళ్ళ, జలుబు బిళ్ళ, ఒంటి నొప్పుల బిళ్ళ. లివర్‌కి ఈ పేర్లేవీ తెలియవు. దానికి తెలిసింది రసాయనం, దాని బరువు, ఎన్ని గంటల్లో ఎంత వచ్చిందన్న లెక్క, అంతే.

షాపులో చీటీ లేకుండా దొరికే నొప్పి మందులు ఎన్ని పేర్లతో ఉన్నా, స్థూలంగా అవి రెండు ఇళ్ళవాళ్ళు. ఒక ఇంట్లో పారాసిటమాల్ ఒంటరిగా ఉంటుంది. క్రోసిన్, డోలో, కాల్‌పాల్ అన్నీ అదే. అమెరికాలో ఉన్న పిల్లలు పంపే టైలెనాల్ మీద ఎసిటమినోఫెన్ అని ఉంటుంది, అదీ ఇదే. వేరే పేరు కదా అని రెండూ కలిపి వేసుకునే పెద్దవాళ్ళున్నారు. రెండో ఇల్లు ఉమ్మడి కుటుంబం. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, నిమెసులైడ్, మెఫినమిక్ యాసిడ్ అందరూ అన్నదమ్ములే. డాక్టర్లు వీటిని కలిపి ఎన్‌సెయిడ్స్ అంటారు. మన వైపు "పెయిన్ కిల్లర్ ఇవ్వండి" అంటే చేతికొచ్చేది చాలావరకు ఈ ఇంటి సరుకే. వీటి ప్రమాదం లివర్ కంటే కడుపు మీద, కిడ్నీ మీద, గుండె మీద ఎక్కువ.

మూడో రకం, రెండిళ్ళనూ ఒకే బిళ్ళలో కాపురం పెట్టించినవి. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 325. జీరోడాల్-పి అంటే ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325. పేరు చివర "పి" అక్షరం ఉంటే చాలాసార్లు అది పారాసిటమాలే. "ఎస్‌పి" అంటే దానికి వాపుకని కలిపే సెర్రాషియోపెప్టిడేజ్ అనేది తోడైందని. అలాగని పేరు చివర పి లేకపోతే పారాసిటమాల్ లేదనుకోవద్దు, కాంబిఫ్లామే అందుకు సాక్షి. నమ్మదగినది స్ట్రిప్పు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న వరుస ఒక్కటే. అదీ ఇంగ్లీషులో. చదువుకున్నవాళ్ళే కళ్ళజోడు తీసి, పెట్టి, ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసుకుని చూడాల్సిన సంగతి. ఇక కత్తెర వేసిన ముక్కల్లో అది మిగులుతుందన్న నమ్మకం లేదు. అందుకే నేను ఇప్పుడు రెండు బిళ్ళలు కావాల్సినచోట కూడా స్ట్రిప్పు మొత్తం కొంటున్నాను. షాపాయనకి ఇబ్బంది లేదు, నాకు పది, ఇరవై రూపాయలు ఎక్కువవుతాయి.

ఈ 325, 650 అనే వింత అంకెలు ఎక్కడివని ఎప్పుడైనా అనిపించిందా? 300, 600 అని చక్కగా పెట్టుకోవచ్చు కదా. మన కంసాలి గురిగింజలతో బంగారం తూచినట్టే, ఇంగ్లండులో మందుల షాపులవాళ్ళు ధాన్యపు గింజ బరువుతో మందు తూచేవారు. ఆ గింజ 65 మిల్లీగ్రాములకు కాస్త తక్కువ. అయిదు గింజల ఎత్తు 325, పది గింజల ఎత్తు 650. గింజలు పోయాయి, అంకెలు మిగిలాయి. ఆ బిళ్ళ బరువు మన ఒంటి బరువును చూసి కట్టింది కాదని చెప్పడానికే ఈ సోది.

ఎందుకంటే ఒంటి బరువు లెక్కలోకి వస్తుంది. 50 కేజీలు దాటిన, లివర్ జబ్బులేని పెద్ద మనిషి ఒక్కసారికి పారాసిటమాల్ 500 నుంచి 1000 మిల్లీగ్రాముల దాకా వేసుకోవచ్చు. రెండు మోతాదుల మధ్య కనీసం 4 గంటలు, వీలైతే 6 గంటలు ఎడం ఉండాలి. 24 గంటల్లో 4000 అనేది ఆఖరి గోడ. గోడదాకా వెళ్ళి తల కొట్టుకోవాల్సిన పని లేదు. డాక్టరు చెప్పకుండా సొంతంగా వాడుకునేటప్పుడు 3000 దగ్గర ఆగిపోవాలని చాలామంది వైద్యులు అంటారు, నా ఓటూ దానికే. అంటే 650 బిళ్ళలు రోజుకి నాలుగు, లేదా 500 బిళ్ళలు ఆరు. అదీ ఇంకే బిళ్ళలోనూ పారాసిటమాల్ రాకపోతేనే.

50 కేజీల లోపు ఉన్నవాళ్ళకి లెక్క మారుతుంది. కేజీకి 15 మిల్లీగ్రాములు ఒక్కసారికి, రోజు మొత్తానికి కేజీకి 60. మా అమ్మ 42 కేజీలు. ఆవిడకి ఒక్కసారికి 630, రోజుకి 2520. అంటే 650 కూడా ఆవిడకి ఇసుమంత ఎక్కువే, 500 బిళ్ళ సరిపోతుంది. మనిళ్ళలో 45 కేజీలు దాటని ఆడవాళ్ళు, ముసలివాళ్ళు ఎంతమంది లేరు! వాళ్ళకీ, 80 కేజీల కొడుక్కీ ఒకే స్ట్రిప్పులోంచి ఒకే లెక్కన ఇస్తాం. రోజూ మద్యం తాగేవాళ్ళకి, లివర్ జబ్బున్నవాళ్ళకి, జ్వరంతో నాలుగు రోజులుగా అన్నం ముట్టనివాళ్ళకి హద్దు ఇంకా కిందకి దిగుతుంది. సాధారణంగా వాళ్ళకి 2000 దాటనివ్వరు. అదైనా డాక్టరును అడిగే.

ఎందుకింత జాగ్రత్త అంటే, పారాసిటమాల్ ఒంట్లోంచి బయటికెళ్ళే దారి చూడాలి. బెజవాడవాళ్ళకి ఇది చెప్పడం తేలిక. ఊళ్ళోంచి బందరు కాలువ, ఏలూరు కాలువ పారుతున్నట్టు, లివర్‌లో ఈ మందుకి రెండు పెద్ద కాలువలున్నాయి. వేసుకున్న మందులో చాలా భాగం ఆ రెండింట్లోనే హాయిగా కలిసిపోయి మూత్రంలో పోతుంది. ఓ చిన్న వాటా, నూటికి అయిదు నుంచి పది పాళ్ళు, మూడో దారి పడుతుంది. ఆ దారిలో అది విషంగా మారుతుంది. మామూలు రోజుల్లో ఆ విషాన్ని అక్కడికక్కడే అణిచెయ్యడానికి లివర్ దగ్గర గ్లూటాథయోన్ అనే పదార్థం నిల్వ ఉంటుంది. గట్టు కారితే వెయ్యడానికి పేర్చి పెట్టుకున్న ఇసుక బస్తాలనుకోండి.

పెద్ద కాలువలు నిండిపోయేంత మందు వస్తే మూడో దారిలోకి వాటా పెరుగుతుంది. బస్తాలు ఖర్చవుతాయి. బస్తాలున్నంతసేపూ ఏమీ తెలియదు. అయిపోయిన మరుక్షణం గండి. 2024 సెప్టెంబరులో బుడమేరు గండి పడ్డాక సింగ్ నగర్‌లో నీళ్ళు ఎంతసేపట్లో నడుముదాకా వచ్చాయో చూసినవాళ్ళకి ఈ పోలిక విడమర్చి చెప్పక్కర్లేదు. తాగుడు అలవాటు ఆ మూడో దారిని వెడల్పు చేస్తుంది, బస్తాల నిల్వనూ తగ్గిస్తుంది. రోజుల తరబడి తిండి లేకపోయినా నిల్వ తగ్గుతుంది. అందుకే ఒకే మోతాదు ఒకరికి ఏమీ చెయ్యదు, ఇంకొకరిని ఐసీయూలో పడేస్తుంది.

మరి మా బావ 4750 వేసుకుంటే ఏమైంది? ఏమీ కాలేదు. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఒక్క రోజు గీత కాస్త దాటినంత మాత్రాన లివర్ కూలిపోదు, భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ గీత దగ్గర స్థలం అంత విశాలంగా కూడా లేదు. 2006లో అమెరికాలో ఆరోగ్యవంతులకే రోజుకి 4 గ్రాముల చొప్పున రెండు వారాలు ఇచ్చి చూస్తే, మూడింట ఒక వంతు మందికి పైగా రక్తపరీక్షలో లివర్ ఎంజైమ్ మామూలు హద్దుకి మూడు రెట్లు దాటింది. మందు ఆపాక అది తగ్గిపోతుంది. అయినా రెండు రోజులకిచ్చిన పొట్లాన్ని "బాగా పనిచేసింది" అని వారం రోజులు పొడిగించుకునే ఊళ్ళో ఉన్నాం మనం.

పారాసిటమాల్‌తో అసలు మోసం, అది ముందుగా హెచ్చరించదు. ఎక్కువ పడినవాళ్ళకి మొదటి రోజు కాస్త వికారం, వాంతి ఉంటే ఉండొచ్చు, లేకపోతే అదీ లేదు. రెండో రోజు తేరుకున్నట్టే ఉంటారు. కళ్ళు పచ్చబడటం, మత్తుగా పడిపోవడం మూడో రోజుకో నాలుగో రోజుకో బయటపడతాయి. దీనికి మంచి విరుగుడుంది, ఎన్-ఎసిటైల్ సిస్టీన్. ఖాళీ అయిన చోటికి కొత్త ఇసుక బస్తాలు దింపే లారీ లాంటిది. మొదటి 8 గంటల్లోపు మొదలుపెడితే దాదాపు ఎప్పుడూ కాపాడుతుంది, ఆలస్యమైన కొద్దీ బలం తగ్గుతుంది. కాబట్టి పొరపాటున గానీ మరోలా గానీ ఎవరైనా బాగా ఎక్కువ వేసుకున్నారని తెలిస్తే, "బానే ఉన్నాడుగా, పొద్దున చూద్దాం" అనకూడదు. ఉప్పు నీళ్ళు తాగించి కక్కించే ప్రయత్నమూ వద్దు. 108కి ఫోన్ చేసి, ఖాళీ స్ట్రిప్పులు జేబులో పెట్టుకుని విజయవాడలో అయితే విజయవాడ, గుంటూరులో అయితే గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వాసుపత్రి) క్యాజువాలిటీకి, లేదా దగ్గరున్న పెద్దాసుపత్రికి వెళ్ళాలి. రక్తంలో ఆ మందు ఎంతుందో చూసి చికిత్స నిర్ణయిస్తారు.

ఇంతదాకా చదివి "అమ్మో, పారాసిటమాల్ ఇంత ప్రమాదమా, అయితే డైక్లోఫెనాకే నయం" అనుకుంటే నేను రాసిందంతా తలకిందులైనట్టు. లెక్కలో ఉన్నంతవరకు పారాసిటమాల్ కంటే ఒంటికి సౌమ్యమైన నొప్పి మందు షాపులో లేదు. నాకు ఎక్కువ భయం రెండో ఇంటి గురించే. మనకి అదెంత అలవాటైపోయిందో చూస్తే ఆ భయం పెరుగుతుంది.

గుంటూరు మిర్చి యార్డు సంగతి తీసుకోండి. ఫిబ్రవరి నుంచి ఎండలు ముదిరేదాకా సీజను. 40 కేజీలు దాటిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పొద్దుటినుంచి భుజాల మీద మోసే హమాలీకి సాయంత్రానికి నడుం లాగుతుంది. గేటు బయట ఓ డైక్లోఫెనాక్ వేసుకుంటే రాత్రికి నిద్రపడుతుంది, పొద్దున మళ్ళీ పనికెళ్ళొచ్చు. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, ఆ బిళ్ళే అతని రేపటి కూలి. కానీ ఆ ఘాటులో, ఆ ఎండలో, లీటర్ల కొద్దీ చెమట పోయి, తాగిన నీళ్ళు చాలని ఒంట్లో ఆ బిళ్ళ ఏం చేస్తుందో అతనికి ఎవరూ చెప్పరు.

మన ఒంట్లో దెబ్బ తగిలినచోట ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పుడతాయి. నొప్పి, వాపు, జ్వరం వాటి పనే. ఆస్పిరిన్, దాని అన్నదమ్ములు ఈ రసాయనాల తయారీని ఆపేస్తాయి, అందుకే నొప్పి తగ్గుతుంది. 1971లో ఈ రహస్యం విప్పిన జాన్ వేన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్తకి 1982లో నోబెల్ వచ్చింది. చిక్కేమిటంటే ఈ ప్రోస్టాగ్లాండిన్లు నొప్పి కోసమే పుట్టినవి కావు. కడుపు లోపలి పొరకు యాసిడ్ తగలకుండా జిగురు పూత పూసేది అవే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి వెళ్ళే రక్తనాళాన్ని తెరిచి పట్టుకునేదీ అవే. గుండె నుంచి వచ్చే రక్తంలో అయిదో వంతు, నిమిషానికి లీటరు పైన, కిడ్నీలకే పోతుంది. ఎండలో చెమటోడ్చిన మనిషికి ఆ ప్రవాహం సన్నబడుతుంది. నాళాన్ని తెరిచి పట్టుకున్న ఆ చేతిని బిళ్ళ వెనక్కి లాగేస్తుంది. నీళ్ళు సరిగ్గా తాగిన రోజున అదే బిళ్ళ ఏమీ చెయ్యకపోవచ్చు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి చేస్తుంది.

డైక్లోఫెనాక్ కిడ్నీ మీద ఏం చెయ్యగలదో చూడాలంటే మన ఆకాశం చూసినా చాలు. పశువులకి ఈ మందు వాడుతుంటే, ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై కుప్పకూలాయి. దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాక, 2006లో పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ని మన ప్రభుత్వం నిషేధించింది. మనిషి రాబందు కాదు, దానికి పడనంత మాత్రాన మనకీ అలాగే అవుతుందని కాదు. అయినా నాకు ఈ కథ మర్చిపోబుద్ధి కాదు.

గుంటూరు బ్రాడీపేటలో మా పెద్దత్తయ్య ఉంటుంది. బీపీకి టెల్మిసార్టాన్, దాంట్లోనే నీరు తీసే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బిళ్ళ రోజూ వేసుకుంటుంది. మోకాళ్ళ నొప్పులకి షాపులో తెచ్చుకున్న ఎసిక్లోఫెనాక్ ఉండనే ఉంది. కిడ్నీ నిపుణులు భయపడే ముగ్గురు ఒక్కచోట చేరడమంటే ఇదే. ఒకటి నీరు లాగుతుంది, ఒకటి కిడ్నీ నుంచి రక్తం బయటికెళ్ళే నాళాన్ని వదులు చేస్తుంది, ఇంకొకటి లోపలికొచ్చే నాళాన్ని బిగిస్తుంది. రెండు వైపుల నుంచీ ఒత్తిడి పోయి వడకట్టే పని మందగిస్తుంది. విడివిడిగా మూడూ మంచి మందులే. అత్తయ్యని అడిగితే, "నేను గ్యాస్ బిళ్ళ కూడా వేసుకుంటున్నానుగా, ఏం కాదు" అంది. పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ళ కడుపులో పుండు పడకుండా కొంత కాపాడుతుంది, నిజమే. కిడ్నీకి అది చేసే సాయం సున్నా.

ఇలాంటి నమ్మకమే ఇంకోటి ఉంది. "బిళ్ళయితే కడుపు మండుతుంది, సూది వేయించుకుంటే ఆ బాధ లేదు." కడుపు పొర దెబ్బతినేది బిళ్ళ దానికి తగిలినందువల్ల మాత్రమే కాదు. మందు రక్తంలో కలిశాక ప్రోస్టాగ్లాండిన్లు ఆగిపోవడం వల్ల. సూదిలో వచ్చినా అది రక్తంలోకే వస్తుంది. అన్నం తిన్నాక వేసుకోవడం మంచిదే, మంట కాస్త తగ్గుతుంది, పుండు రాదన్న హామీ మాత్రం కాదు. నల్లగా తారులా విరేచనం అయితే అది పైన ఎక్కడో రక్తం కారుతోందని, రేపటిదాకా ఆగే సంగతి కాదు. పూతమందుల విషయం వేరు. మోకాలికి రాసే డైక్లోఫెనాక్ జెల్‌లో బిళ్ళతో పోలిస్తే చాలా కొద్ది భాగమే రక్తంలో కలుస్తుంది. అత్తయ్యకి డాక్టరు చివరికి రాసిచ్చింది అదే, అవసరమైనప్పుడు పారాసిటమాల్ 500తో.

ఇక మోతాదు. ఈ రెండో ఇంట్లో డాక్టరు లేకుండా మనం లెక్క చూసుకోగలిగేది ఐబుప్రొఫెన్ ఒక్కటే అని నా అభిప్రాయం. ఒక్కసారికి 200 నుంచి 400 మిల్లీగ్రాములు, 6 నుంచి 8 గంటల ఎడంతో, 24 గంటల్లో 1200 దాటకుండా. డాక్టర్లు అంతకంటే ఎక్కువ రాయొచ్చు, అది వాళ్ళు రక్తపరీక్షలు చూసి తీసుకునే బాధ్యత. ఐబుప్రొఫెన్ 400 కలిసిన బిళ్ళ అయితే రోజుకి మూడు, అంతే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ చీటీ మీద వాడాల్సినవి. ముఖ్యంగా గుండె జబ్బు, పక్షవాతం వచ్చినవాళ్ళకి డైక్లోఫెనాక్ ఇవ్వకూడదని ఐరోపా మందుల సంస్థ 2013లోనే తేల్చింది.

నిజానికి మన చట్టంలో "చీటీ అక్కర్లేని మందులు" అనే జాబితా ఒకటి విడిగా లేదు. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ హెచ్ లాంటి పట్టికలు ఉంటాయి, వాటిలో ఉన్నవాటికి చీటీ కావాలి. లేనివి అడిగితే ఇస్తారు. పారాసిటమాల్ ఎంత ఇంటి మందంటే, వెయ్యి మంది లోపు జనాభా ఉన్న పల్లెలో లైసెన్సు లేని దుకాణంలో కూడా అమ్ముకోవచ్చని అవే నిబంధనలు చెబుతాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రం హెచ్ పట్టికలో ఉన్నవే. స్ట్రిప్పు మీద ఎర్ర గీత దాని గుర్తు. కానీ చీటీ చూపించి డైక్లోఫెనాక్ కొన్న మనిషిని నేనింకా చూడలేదు.

రెండు ఇళ్ళ మందులు కలిపి వాడొచ్చా అని అడుగుతారు. వాడొచ్చు. పారాసిటమాల్ ఒకటి, ఐబుప్రొఫెన్ ఒకటి, దేని లెక్క దానికి చూసుకుంటే పరవాలేదు, పన్ను పీకించుకున్నప్పుడు ఆ జోడీ బాగా పనిచేస్తుంది కూడా. కూడనిది ఒకే ఇంట్లోంచి ఇద్దర్ని పిలవడం. పొద్దున డైక్లోఫెనాక్, మధ్యాహ్నం ఐబుప్రొఫెన్ వేసుకుంటే నొప్పి రెండింతలు తగ్గదు, నష్టం మాత్రం కలుస్తుంది. గుండెకి రోజూ ఎకోస్ప్రిన్ 75, అంటే ఆస్పిరిన్, వేసుకునేవాళ్ళు ఇంకో మెట్టు జాగ్రత్తగా ఉండాలి. ఆస్పిరిన్ వెళ్ళి కూర్చోవాల్సిన చోట ఐబుప్రొఫెన్ ముందే కూర్చుంటే, రక్తం గడ్డకట్టకుండా ఆపే ఆ పని దెబ్బతింటుంది. స్టెంట్ వేసుకున్న మనిషి నడుం నొప్పికని గుండెకిచ్చిన రక్షణ పోగొట్టుకుంటాడు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు రెండో ఇంటి గడపే తొక్కకూడదు. వాళ్ళు పారాసిటమాల్ రోజూ వాడుతున్నా డాక్టరుకి చెప్పాలి. గర్భిణులు అయిదో నెల దగ్గర్నుంచి, డాక్టరు చెబితే తప్ప, రెండో ఇంటి మందులకి దూరంగా ఉండాలి. కడుపులో బిడ్డ కిడ్నీల మీద ప్రభావం ఉంటుంది.

ఇప్పుడు మా బావ పొట్లంలో నన్ను నిజంగా కంగారుపెట్టింది ఏదో చెప్తాను. 4100 అంకె కాదు, ఆ నారింజ బిళ్ళ. సెప్టెంబరు అంటే మన దగ్గర వానలు, నిలవ నీళ్ళు, దోమలు. జ్వరం, ఒళ్ళు విరుపులు, కళ్ళ వెనక నొప్పి అంటే అది డెంగీ కాదని తేలేదాకా డెంగీ అనే అనుకోవాలి. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, రక్తనాళాలు కారతాయి. అప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ ఏది వేసినా రక్తస్రావానికి తలుపు తీసినట్టే. ఉన్నది పారాసిటమాల్ ఒక్కటే, లెక్కలో. జ్వరం ఏమిటో తెలియనప్పుడు ఒళ్ళు నొప్పులకని ఇంకోటి కలపడం నా దృష్టిలో ఈ సీజన్లో జరిగే అతి పెద్ద తప్పు. అది షాపులోనూ జరుగుతుంది, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరా జరుగుతుంది, ఇంట్లో మిగిలిపోయిన బిళ్ళల డబ్బా ముందు నిలబడి మనమూ చేస్తాం.

తలనొప్పివాళ్ళకి రెండు మాటలు. నెలలో పదిహేను రోజులకి మించి మామూలు నొప్పి బిళ్ళ, పది రోజులకి మించి కలగలుపు బిళ్ళ నెలల తరబడి వేసుకుంటుంటే, ఆ బిళ్ళే తలనొప్పిని పుట్టిస్తుంది. వేసుకుంటే తగ్గుతుంది, దిగగానే వస్తుంది, మళ్ళీ వేసుకుంటాం. ఎన్ని బిళ్ళలు వేసినా ఆ చక్రం ఆగదు, నరాల డాక్టరు పర్యవేక్షణలో ఆపితేనే ఆగుతుంది.

పేరూ ఊరూ లేని పొడులు, మోకాళ్ళ నొప్పులకి కాగితం పొట్లాల్లో అమ్మేవి, అసలు లెక్కకే అందవు. అలాంటివాటిని పరీక్షిస్తే స్టెరాయిడ్లు, నొప్పి మందులు బయటపడిన సందర్భాలున్నాయి. రాత్రికి రాత్రి నడిపించిన పొడి ఏదైనా ఉంటే, అందులో ఏముందో అడగడం కంటే దాన్ని పారెయ్యడం సులువు.

జ్వరం మూడు రోజులు దాటినా, మూత్రం తగ్గినా, కళ్ళు పచ్చబడినా, చిగుళ్ళలోంచో ముక్కులోంచో రక్తం వచ్చినా, ఉన్నట్టుండి ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా, ఛాతీ బిగించినా ఇంట్లో లెక్కలు కట్టే పని కాదు.

ఆ సాయంత్రం బావ ఫోన్లో లెక్క మళ్ళీ తనే కట్టుకున్నాడు. మెషీన్ షాపులో మిల్లీమీటరులో వందో వంతు తేడా వస్తే ముక్క పారేసే మనిషి. 4100 అని వచ్చాక కాసేపు మాట్లాడలేదు. పసుపుదీ నారింజదీ పక్కన పెట్టించాం. పారాసిటమాల్ ఆపూటకి ఆపి, మర్నాటి నుంచి 650 ఒక్కటే, ఆరేసి గంటల ఎడంతో. అక్క గంజి కాచి ఉప్పేసి ఇచ్చింది. పొద్దున సూర్యారావుపేటలో రక్తపరీక్ష చేయిస్తే డెంగీ లేదన్నారు, వైరల్ జ్వరం, నాలుగో రోజుకి దిగింది. స్ట్రిప్పు వెనక మార్కర్ పెన్నుతో వేసుకున్న టైము రాయడం అక్క మొదలుపెట్టింది. ఆ స్ట్రిప్పు ఇంకా ఫ్రిజ్ మీద ఉంది: ఉ. 6, మ. 12, సా. 6, రా. 12.

మొన్న బావ మళ్ళీ అదే షాపుకి వెళ్ళాడు, ఈసారి పళ్ళ నొప్పి. కత్తెర తియ్యబోతుంటే ఆపి, "ఇందులో పారాసిటమాల్ ఎంతుందండీ?" అని అడిగాడట. కౌంటర్లో కుర్రాడు స్ట్రిప్పు తిప్పి, లైటు కిందకి పట్టుకుని, కళ్ళు చికిలించి చదివాడట.